తోకలేని బల్లి, కుళ్లాయప్ప మీటరు

పెనుకొండ కుళ్లాయప్ప చేతికి ఏ మిషన్ ఇచ్చినా, అది చెడిపోవడానికి ఆయన చెప్పే కారణం ఒక్కటే. బల్లి. వెల్డింగ్ మిషన్ కాలినా బల్లే, కటింగ్ మిషన్ తిరగకపోయినా బల్లే, కంప్రెసర్ ఉలకకపోయినా బల్లే. మూత విప్పి, పసుపు రంగు మల్టీమీటరు బయటికి తీసి, ఎర్ర తీగ ఒకచోట, నల్ల తీగ ఒకచోట ఆనించేవాడు. మీటరు కుయ్యిమనేది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని అంకెల వైపు చాలాసేపు చూసి, పెద్ద డాక్టరు మాదిరి నిట్టూర్చి, "బల్లి పడిండాదప్పా" అనేవాడు. నాకు తెలిసిన ఇరవై ఏళ్ళలో ఆయన నోట ఇంకో రోగం పేరు నేను వినలేదు.

కిందటి ఆషాఢంలో కుళ్లాయప్ప పోయాడు. పొద్దున షాపు తెరిచి, టీ తాగి, గ్లాసు కింద పెట్టి గోడకు ఆనుకున్నవాడు మళ్ళీ లేవలేదట. దినాలకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్ళ వెల్డింగ్ షాపుల వాళ్ళూ వచ్చారు. పోయినాయనకు ఇష్టమైనవన్నీ ఫోటో ముందర పెట్టాలంటే ఆయన భార్య యల్లక్క కూడూ కూరా వడ్డించి, బీడీ కట్ట పెట్టి, దాని పక్కన మీటరు కూడా పెట్టింది. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఏది ముందు తీర్చుకోవాలో తెలియక ఇంటి వెనక్కి పోయి నిలబడ్డాను. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు, రాయకపోతే నాకే గుండెలో బరువు దిగేట్టు లేదు.

నా పేరు అరవింద్. హిందూపురంలో మా నాయన నాగేశ్వరయ్య పెట్టిన ఇనుప సామాన్ల కొట్టు, దాని వెనక గేట్లూ గ్రిల్సూ చేసే షెడ్డూ నావి. అందరూ శెట్టి అని పిలుస్తారు. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఈ మాట నేను చెప్పుకోవడం కాదు, మా ఆవిడ రూప పెళ్ళయిన మూడో రోజే చెప్పింది. అలాంటివాడికి బల్లి తప్ప ఇంకో మాట తెలియని మెకానిక్కు దొరికితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. మరి మానుకుని ఇంకొకరి దగ్గరికి పోవచ్చుగా అంటారేమో. పోలేను. ఎందుకంటే రోగం పేరు ఏదైనా, కుళ్లాయప్ప వైద్యం చేసిన మిషన్ మళ్ళీ అదే చోట చెడేది కాదు.

ఒకసారి రొద్దం నుంచి ఒక రైతు తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బోరు మోటారు తెచ్చాడు. ఆర్నెల్లుగా భూమిలోపల నీళ్ళల్లో మునిగి ఉన్న మోటారు అది. కుళ్లాయప్ప మీటరు పెట్టాడు, కుయ్యిమంది, నిట్టూర్చాడు, బల్లి అన్నాడు. రైతు నోరు తెరిచాడు.

"ఆరు నూర్ల అడుగుల లోతులో, నీళ్ళల్లో, బల్లి యాడిదప్పా?"

"పడినంక ఈత నేర్సుకోనింటాది, పాపం."

రైతు నవ్వాడు. అంతవరకూ తల దించుకుని నిలబడిన తమ్ముడు కూడా నవ్వాడు. ఆ తమ్ముడి ముఖం అప్పుడే కొంచెం తేటపడిందని నేను చూశాను గానీ, దాని గురించి ఆలోచించలేదు. నీళ్ళు లేని బోరులో మోటారు ఆడించి కాల్చింది ఆ తమ్ముడేనని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ధర్మవరంలో గంగాధర అని షట్టర్లు చేసే ఆయన ఉన్నాడు. కుళ్లాయప్ప నోటికి తాళం వెయ్యాలని పంతం పట్టి, కొత్త మిషన్ కొనగానే దాని గాలి రంధ్రాలన్నిటికీ దోమతెర గుడ్డ కట్టి కుట్టించాడు. చీమ కూడా దూరదు. నాలుగు నెలలకు మిషన్ ఆగిపోయింది. కుట్లు ఊడకుండా అలాగే ఎత్తుకొచ్చి, బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుళ్లాయప్ప కుట్లన్నీ వేలితో తడిమి, దర్జీ పని బాగుందని మెచ్చుకుని, కత్తెరతో గుడ్డ కోసి, మీటరు పెట్టాడు. తర్వాత గంగాధర వైపు జాలిగా చూసి, నువ్వు తెర కుట్టించేనాటికే అది లోపల కాపురం పెట్టిండాది, పాపం దానికి బయటికి వచ్చే దావ లేకుండా చేస్తివి అన్నాడు. గంగాధర వారం రోజులు ఆ బల్లి గురించి బాధపడ్డాడు.

మా ఇంట్లో మిక్సీ కాలినప్పుడు సంగతి వేరే. రూప నానబెట్టని పసుపు కొమ్ములు వేసి తిప్పిందని నాకు గట్టి అనుమానం. దారి పొడుగునా ఆ సంగతే చెబుతూ, ఆమెను, మిక్సీని పెనుకొండకు తీసుకుపోయాను. కుళ్లాయప్ప మిక్సీ జారు మూత తీసి వాసన చూశాడు. నన్ను చూశాడు, రూపను చూశాడు. బల్లి అన్నాడు. ఇంటికొచ్చి నేను వంటిల్లంతా సున్నం కొట్టించి, గోడ మూలల్లో కోడిగుడ్డు పెంకులు వేలాడదీశాను. రూప ఆ నెలంతా నాతో చాలా ప్రేమగా ఉంది. బల్లులు పోయినందుకేమో అనుకున్నాను.

అన్నిటికన్నా నాకు మంట పుట్టించింది ఆ గాజు సీసా. ఎవరైనా నమ్మకపోతే కుళ్లాయప్ప బల్ల సొరుగులోంచి ఒక సీసా తీసి, ఎండిపోయిన బల్లిని చూపించేవాడు. ఇదిగో, నీ మిషన్లోదే అనేవాడు. మూడోసారి చూసినప్పుడు గమనించాను, దానికి తోక లేదు. గంగాధరను అడిగితే ఆయనకు చూపించినదానికీ తోక లేదట. రొద్దం రైతు బల్లికీ లేదు. అంటే మూడూళ్ళలో నలభై యాభై మిషన్లను కాల్చి పొట్టనపెట్టుకున్నది ఒకే ఒక తోకలేని బల్లి. ఈ మాట నేను ఆయన ముఖం మీదే అడిగేశాను. ఆయన తొణకలేదు, ఈ పక్క బల్లులకు తోకలు తక్కువలే శెట్టీ అన్నాడు.

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. మిషన్‌తో పాటు, అది చెడిపోయినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న మనిషి తప్పకుండా రావాలి. రాకపోతే మూత విప్పడు. మనిషి వచ్చాక, ఓనరు షాపులో ఉండకూడదు. ఫ్లాస్కు చేతికిచ్చి టీ తెమ్మనేవాడు. పక్క సందులో టీ బండి ఉన్నా ఆ టీ పనికిరాదు, బస్టాండు దగ్గర టీయే కావాలి. పోయి రావడానికి అరగంట. కొట్లు, షెడ్లు, పదిమంది పనివాళ్ళు ఉన్న ఓనర్లమంతా ఎండలో ఫ్లాస్కు పట్టుకుని పెనుకొండ బజారులో నడిచేవాళ్ళం. ఎదురుపడితే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు. ఇదంతా తలబిరుసు అనుకున్నాను నేను, మూడేళ్ళ కింద వరకు.

మూడేళ్ళ కింద ఎండాకాలంలో జరిగింది అసలు సంగతి. మా షెడ్డులో పెద్ద వెల్డరు వెంకటప్ప. రొద్దం దగ్గర పల్లె. మా నాయన కాలం నుంచి, పంతొమ్మిదేళ్ళుగా మా దగ్గరే పని. వానలు లేక చేను బీడు పడితే ఇనుము పట్టుకున్న మనిషి. ఆయన వేసిన అతుకు మీద వేలు పెట్టి రాస్తే జారిపోయేది, అంత నున్నగా ఉండేది. ఆయన భార్య మునియమ్మకు పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. పొద్దున ఆమెకు అన్నం తినిపించి, మాత్రలు మింగించి బస్సెక్కేవాడు. ఆ మాత్రలూ, ఆ ఇంటి పొయ్యీ వెంకటప్ప కూలి మీదే నడిచేవి.

ఆ ఏడాది మాత్రం ఆయన పని గాడి తప్పింది. అతుకు ఒకచోటయితే చుక్క ఇంకోచోట పడేది. రెండు మిషన్లు ఆయన చేతిలో కాలిపోయాయి. రెండిటికీ కుళ్లాయప్ప బల్లే అన్నాడు. నేను పళ్ళు నూరుకున్నాను. మూడోది కొత్త ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్. రొద్దం పక్కన ఒక రైతు తోటకు గేటు బిగించడానికి పోయి, బోరు స్టార్టరు పెట్టెలోంచి కరెంటు తీసుకున్నాడు వెంకటప్ప. స్విచ్చి వెయ్యగానే టప్పుమని పేలి పొగొచ్చింది.

ఆ మిషన్‌కు ఒక ఫేజు, ఒక న్యూట్రల్ ఇవ్వాలి. బోరు పెట్టెలో ఎర్ర, పసుపు, నీలం తీగలు మూడూ ఫేజులు, నల్లది న్యూట్రల్. తెలియనివాడు రెండు ఫేజులు కలిపాడంటే ఇంచుమించు రెట్టింపు కరెంటు దూసుకొచ్చి లోపలి సామానంతా కాలిపోతుంది. వెల్డింగ్ పనిలో చేరినవాడు మొదటి నెలలో నేర్చుకునే పాఠం అది. పంతొమ్మిదేళ్ళ పనివాడు ఆ తప్పు చేశాడంటే నాకు అర్థమైంది ఒక్కటే, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యడం లేదని. షెడ్డులో అందరి ముందరా అరిచాను. ఈసారి బల్లి కథ నేను వినను, నీ తప్పని మీటరులో తేలిందంటే రేపట్నుంచి పనికి రావద్దు అన్నాను. వెంకటప్ప చేతికున్న గ్లౌజు తీసి మడిచి బల్ల మీద పెట్టాడు.

నేను ఇంకో తెలివైన పని కూడా చేశాను. కుళ్లాయప్ప అబద్ధం పట్టుకోవడానికి సొంతంగా ఒక మల్టీమీటరు కొని, ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మిషన్ ప్లగ్గు కాళ్ళ మధ్య తీగలు పెడితే కుయ్యిమంది, అంటే లోపల షార్టయింది. ఇంతవరకు బాగానే ఉంది. ఆ ఉత్సాహంలో మీటరును కరెంటు కొలిచే గుర్తుకు తిప్పకుండా అదే కుయ్యిమనే గుర్తు మీద ఉంచేసి, గోడ ప్లగ్గులో కరెంటు ఎంతుందో చూద్దామని రెండు తీగలూ దూర్చాను. చిన్న మెరుపు మెరిసింది. మీటరు తెర నల్లబడి ఊరుకుంది. చుట్టూ చూశాను, అదృష్టం కొద్దీ ఎవరూ లేరు.

మరునాడు పొద్దున లగేజీ ఆటోలో పెనుకొండ బయల్దేరాం. వెంకటప్ప వెనక మిషన్ పక్కన కూర్చున్నాడు. సోమందేపల్లి దాటాక మెల్లగా ముందుకు వంగి ఒకే ఒక్కటి అడిగాడు.

"శెట్టీ, నన్ను తీసేస్తే తీసెయ్యి. మునియమ్మ ఫోన్ చేసి అడిగితే మటుకు, నేనే మానుకున్నానని చెప్పప్పా. నువ్వు తీసేసినావంటే అది తన వల్లనే అనుకుంటాది."

నేను హూఁ అన్నాను. అప్పుడు నాకు కోపం మీద ఉండడమే సుఖంగా ఉంది. ఈ రోజు ఆ హూఁ తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

కుళ్లాయప్ప మమ్మల్ని చూసి, మిషన్ను చూసి, నా చేతిలోని మీటరును చూశాడు. ముందు దాన్ని ఇమ్మన్నాడు. నాలుగు మరలు విప్పి, లోపల మసి చూసి, వాసన చూశాడు. వెంకటప్ప పక్కనే నిలబడి ఉన్నాడు. ఓనరు ముందు పనివాడు నిలబడితే ఎలా ఉంటుందో, పనివాడి ముందు ఓనరు నిలబడితేనూ అలాగే ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

"దీంట్లో గూడా బల్లి పడిండాది శెట్టీ" అన్నాడు కుళ్లాయప్ప.

అరచేతిలో పట్టే మీటరులో బల్లి. అది శుద్ధ అబద్ధమని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ప్రాణం లేచొచ్చింది. అవునవును, మా ఇంట్లో బల్లులు జాస్తి అన్నాను. అనేశాక సిగ్గేసింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఫ్లాస్కు తీసి నా చేతికిచ్చాడు.

ఈ రోజు నేను పోనన్నాను. మీటరు పెట్టేటప్పుడు పక్కనే ఉంటానన్నాను. సరే, అట్లయితే మిషన్ నువ్వే విప్పుకో అని ఆయన బీడీ ముట్టించాడు. పది నిమిషాలు మొండికేసి చూశాను. బీడీ అయిపోయింది, రెండోది ముట్టించాడు. చివరికి నేనే లేచాను. కానీ బస్టాండుకు పోలేదు. పక్క సందులో బండి దగ్గర ఫ్లాస్కు నింపుకుని అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాను. షాపు షట్టరు సగానికి దించి ఉంది. దాని పక్కన పాత మోటార్ల గుట్ట చాటున వంగి నిలబడితే లోపలి బల్ల కనబడుతోంది. చాటుగా వినడం మంచి పని కాదని నాకు తెలుసు. అబద్ధం పట్టుకోవాలన్న కసి అంత పని చేయించింది.

లోపల కుళ్లాయప్ప మిషన్ మూత విప్పి ఉన్నాడు. లోపల నిలిచిపోయిన కరెంటు చేతికి కొట్టకుండా ముందు ఒక బల్బు తగిలించి అది ఖాళీ అయిందని చూసుకున్నాడు. అప్పుడు మీటరు పెట్టాడు. కుయ్యిమంది. ఇంకోచోట పెట్టాడు. మళ్ళీ కుయ్యిమంది. వెంకటప్పను దగ్గరికి పిలిచి, పిల్లలకు పాఠం చెప్పినట్టు ఒక్కొక్కటే చూపించాడు. ఈ బ్రిడ్జి కాలింది, ఈ కెపాసిటర్ తల ఉబ్బింది, రెండూ ఒకేసారి పోయాయంటే రెండు ఫేజులు ఇచ్చినట్టే అన్నాడు. బల్లి పేరే ఎత్తలేదు. ఓనర్లందరినీ బస్టాండుకు ఎందుకు తోలేవాడో అప్పుడు తెలిసింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ అరగంటలో చేసినవాడికి నేర్పి పంపేవాడు. అందుకే ఆయన బాగు చేసిన మిషన్ మళ్ళీ అదే చోట చెడేది కాదు. ఆ మిషన్లను పట్టుకునే చేతులను కూడా ఆయన బాగు చేసేవాడు.

"అది నాకూ తెలుసప్పా" అన్నాడు వెంకటప్ప. "నేను నల్ల వైరుకే కలిపినా. అది నల్లదే."

కుళ్లాయప్ప మీటరు ఆపేసి పక్కన పెట్టాడు. కింద డబ్బాలోంచి నాలుగు వైరు ముక్కలు తీసి బల్ల మీద పరిచాడు. నల్లది ఏదో తియ్యమన్నాడు. వెంకటప్ప వంగి, వేళ్ళతో తడిమి, ఒకటి తీశాడు. నేను నిలబడిన చోటికి కూడా తెలుస్తోంది, అది నీలం ముక్క.

కుళ్లాయప్ప దాన్ని తీసుకుని ఏమీ అనకుండా డబ్బాలో వేశాడు. తర్వాత మీటరు తీగలు గోడ ప్లగ్గులో పెట్టి, తెరను వెంకటప్ప ముఖం దగ్గరికి తీసుకుపోయి, ఎంతుందో చదవమన్నాడు. వెంకటప్ప కళ్ళు చికిలించి చూశాడు.

"రెండు నూర్ల... ఇరవై ఎనిమిది."

"వెంకటప్పా, నేను మీటరు ఇంగా ఆన్ చెయ్యలేదప్పా."

అప్పుడు వెంకటప్ప ఏడ్చాడు. అరవై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చే చప్పుడు నేను అంతకు ముందు వినలేదు. ఏడాదిగా కళ్ళకు మసక కమ్ముతోందట. చెబితే పని పోతుందని చెప్పలేదట. వెల్డింగ్ నిప్పు పుట్టాక ఆ చప్పుడును బట్టి చెయ్యి కదుపుతూ పని లాక్కొచ్చాడట. బస్సు నంబరు పక్కవాణ్ణి అడిగేవాడట. మునియమ్మ మాత్రలు మటుకు రంగు చూసి కాదు, తడిమి సైజును బట్టి ఇచ్చేవాడట. ఎప్పుడు ఏది తప్పు ఇస్తానో అని రోజూ రెండుమూడుసార్లు తడిమి చూసుకునేవాణ్ణి అన్నాడు.

కుళ్లాయప్ప ఆయన్ను ఓదార్చలేదు. పక్కన కూర్చుని మీటరుకు తీగలు చుడుతూ ఒక కథ చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ధర్మవరంలో ఒక వర్కుషాపులో పనిచేసేవాడట. అప్పుడే కొత్తగా మీటరు కొన్నాడు. పెద్దప్ప అనే వెల్డరు ఇలాగే ఒక మిషన్ కాల్చాడు. కుళ్లాయప్ప ఓనరు ముందరే మీటరు పెట్టి, అంకెలన్నీ గట్టిగా చదివి, ఇది ఈ మనిషి చేసిన పనే అని తేల్చి చెప్పాడు. తెలివి చూపించుకోవడమే తప్ప ఇంకో ఉద్దేశం లేదు. ఓనరు పెద్దప్పను అక్కడికక్కడే పంపేశాడు. మిషన్లు కాల్చేవాడని పేరు పడితే ఇంకెవరూ పని ఇవ్వలేదు. బెంగళూరుకు కూలికి పోయి, ఒక కట్టడం మీద నుంచి పడి చనిపోయాడు.

"నంబులపూలకుంట పక్కన వాళ్ళూరు. చూసొద్దామని పోతి. పెద్దప్ప పెండ్లాముకు నేనెవురో తెల్దు. ఎండన పడి వచ్చినాడని నాకు చెంబు నిండా మజ్జిగిచ్చె. తాగితి. నా మీటరు ఆ పొద్దు చెప్పింది నిజమే వెంకటప్పా. కాని ఆ మాట ఓనరు ముందర చెప్పాల్సిన పని ల్యాకుండె. ఇంగ అప్పట్నుంచి నాకు బల్లులే కనపడతాండాయి."

నా చేతిలో ఫ్లాస్కు బరువెక్కింది. పంతొమ్మిదేళ్ళు రోజూ ఆ మనిషి ముఖం చూశాను. కళ్ళు చూడలేదు. అతుకు వంకరపోయిందని అరిచాను గానీ, ఎందుకు పోయిందని ఒక్కసారి అడగలేదు. కొత్త మీటరు కొని, వీడియోలు చూసి, తలకిందులుగా తపస్సు చేసి నేను కనుక్కోలేని రోగాన్ని ఆ ముసలాయన ఆన్ చెయ్యని మీటరుతో కనుక్కున్నాడు. ఆ చాటున నిలబడి నేను చాలా చిన్నవాణ్ణయిపోయాను.

లోపల కుళ్లాయప్ప ఏర్పాట్లన్నీ చెబుతున్నాడు. పుట్టపర్తిలో ఆసుపత్రిలో కంటి పొర తీస్తారు, తాను వెంట వస్తాడు. అన్నాళ్ళూ యల్లక్క రొద్దం పక్కకు పోయి మునియమ్మ దగ్గర ఉంటుంది. వెంకటప్ప భయం ఒక్కటే, శెట్టికి ఏమని చెప్పాలి.

"మిషన్‌కు పది దినాలు పడతాదని చెప్తా. మిషన్ ల్యాకుంటే నీకు పని ల్యా. పని ల్యానోడు యాడికి పోయినా ఎవురు అడుగుతారప్పా? శెట్టి చెడ్డోడు కాదులే. మీటరు చూసేటప్పుడు మనిషిని చూడడు, అంతే."

నేను గుట్ట చాటు నుంచి వెనక్కి ఇరవై అడుగులు నడిచాను. ముఖం తుడుచుకున్నాను. చెప్పులు గట్టిగా ఈడుస్తూ, రెండుసార్లు దగ్గుతూ షట్టరు ఎత్తి లోపలికి పోయాను. వెంకటప్ప గోడ వైపు తిరిగి ఉన్నాడు. కుళ్లాయప్ప కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, నిట్టూర్చి, ఎప్పటి మాటే చెప్పాడు. సామాను బెంగళూరు నుంచి రావాలి, పది రోజులు పడుతుందన్నాడు.

ఆ గేటు నాలుగు రోజుల్లో బిగించి ఇస్తానని రైతుకు నేను మాటిచ్చి ఉన్నాను. ముందు రోజయితే ఆ పది రోజుల మాటకు షాపు పైకప్పు లేచిపోయేట్టు అరిచేవాణ్ణి. టీ గ్లాసుల్లోకి వంచుతూ నిలబడ్డాను.

"పది దినాల్లో అయ్యే పనా అది? తొందరపడి చెడగొట్టొద్దు కుళ్లాయప్పా. పదహైదు పెట్టుకో. వెంకటప్ప కూలి నేను రొద్దానికి పంపిస్తాలే, ఆయన్ను నీ కాడనే పెట్టుకో."

కుళ్లాయప్ప నన్ను చూశాడు. షట్టరును చూశాడు. టీ ఒక గుక్క తాగి, ఇది బస్టాండు టీ కాదే అన్నాడు. బస్టాండులో ఈ రోజు పాలు విరిగినాయంట అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా గ్లాసు ఖాళీ చేశాడు, ఇంకో గ్లాసు పొయ్యమన్నాడు.

తోట రైతు ఫోను చేసి తిట్టిన తిట్లన్నీ తిన్నాను. పదహారో రోజు పెనుకొండకు పోయాను. నల్లద్దాలు పెట్టుకుని వెంకటప్ప బల్ల ముందర కూర్చున్నాడు. మిషన్ రెండో రోజుకే బాగయి అటక మీద దుమ్ము పట్టి ఉందని యల్లక్క మొన్న దినాల రోజు చెబితేనే నాకు తెలిసింది. ఆ రోజు మటుకు కుళ్లాయప్ప దాన్ని అప్పుడే తయారైనట్టు తుడిచి కిందికి దించాడు. స్విచ్చి వేశాడు. ఫ్యాను గిర్రుమంది. మీటరు తీగలు హోల్డరు దగ్గర ఒకటి, ఎర్తు దగ్గర ఒకటి ఆనించి, నా వైపు చూడకుండా, తెరను వెంకటప్ప వైపు తిప్పి పట్టుకున్నాడు. ఈసారి మీటరు ఆన్ చేసే ఉంది.

వెంకటప్ప నల్లద్దాలు పైకెత్తాడు. దగ్గరికి వంగలేదు, కళ్ళు చికిలించలేదు.

"అరవై ఎనిమిది పాయింటు మూడు" అన్నాడు. కాస్త ఆగి, "మూడు కాదు, నాలుగు. ఇప్పుడే మారె" అన్నాడు.

కుళ్లాయప్ప మీటరు ఆపేసి, తీగలు చుట్టి, చాలాసేపు ఆ తీగలే సర్దుతూ ఉండిపోయాడు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదని చెబితే అది ఆయన చెప్పే అబద్ధాల్లాంటిదే అవుతుంది. వెంకటప్ప మెల్లగా లేచి నా దగ్గరికొచ్చాడు. నన్ను పైనుంచి కిందిదాకా, కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఏమప్పా శెట్టీ, నీకు ఇన్ని తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చె?" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఆయన నన్ను ఎకసెక్కం చెయ్యడం అదే మొదలు. ముగ్గురం కలిసి బస్టాండు దాకా నడిచి అక్కడే టీ తాగాం.